నీళ్ల బడిలో హాజరు పట్టీ

తొలకరి పడిందంటే వజ్రకరూరు చేలల్లోకి ఎక్కడెక్కడి మనుషులో వచ్చి చేరతారు. తలకు తువ్వాలు చుట్టుకొని, సద్దిమూట గట్టుమీద పెట్టుకొని, వంగి మట్టిలో మెరిసే రాయి కోసం వెతుకుతుంటారు. మా ఊరి పేరులోనే వజ్రం ఉంది. నేల లోపల కింబర్లైటు రాయి ఉంది. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు మా ఊరు అందుకే తెలుసు.

అదే వాన రోజున, అదే నేలమీద మేము ఇంకొకటి వెతుకుతాం. వేళ్లతో మట్టి తవ్వి తడి ఎంత లోతు దిగిందో చూస్తాం. దుక్కి పదునా, విత్తనం పదునా? ఈ కార్తెలో చెనిక్కాయ వేస్తే మళ్లీ వాన ఎప్పటికి వస్తుంది? మొలిచాక ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఒక్క తడి ఇవ్వడానికి నీళ్లు ఎక్కడున్నాయి? మాకు దొరకాల్సిన వజ్రం ఆ ఒక్క తడే.

మేము అంటే ఈ మండలంలోని తాండా బిడ్డలం, సుగాలీలం. చదువుకొని, పంతులు శిక్షణ తీసుకొని, తాండా బడుల్లోనే పిల్లలకు అక్షరాలు చెబుతున్నవాళ్లం. వ్యవసాయ శాస్త్రం మా చదువు కాదు. కానీ బడి అంటే ఏమిటో మాకు తెలుసు. అందుకే రైతులకు నీళ్ల గురించి నేర్పే బడుల గురించి, అందరూ కలిసి నీళ్లు పంచుకునే పథకాల గురించి ఒక బడిపంతులు అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడ అడుగుతున్నాం.

ముందు మంచి చెప్పాలి. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, అంటే అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండల్లో ఒక ప్రయత్నం మొదలైంది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని పొట్టి పేరు. రైతులే భూగర్భ జలాన్ని చూసుకోవడం దాని ఉద్దేశం. నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది, స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో పనిచేశాయి. అందులో పుట్టినవే రైతు నీటి బడులు. 1989లో ఇండోనేషియాలో వరి పురుగుల విషయంలో మొదలైన రైతు పొలంబడి పద్ధతిని ఇక్కడ నీళ్లకు వాడారు.

పద్ధతి బాగుంది. రైతులే వానమాపకం చూసి రాసుకుంటారు. పదిహేను రోజులకొకసారి కొన్ని బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలుస్తారు. డ్రమ్ము, గడియారం పెట్టుకొని బోరు గంటకు ఎన్ని నీళ్లు పోస్తోందో లెక్క కడతారు. ఆ అంకెలు ఊరిగోడ మీద, పలక మీద అందరికీ కనబడేలా రాస్తారు. వానాకాలం ముగిశాక రబీకి ముందు అందరూ కూర్చొని, నేలలో మిగిలిన నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని పద్దు వేస్తారు. పద్దు చూసి ఎవరి పంట వారే నిర్ణయించుకుంటారు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞాపించరు.

ఇందులో మాకు బాగా నచ్చింది ఈ చివరి మాటే. అంతకుముందు 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరుకు అనుమతి కావాలంది, మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపు ఇంకో బోరు కూడదంది. చట్టం మంచిదే. కానీ బోరు బండి రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి వెళ్లిపోయే ఊళ్లలో చట్టం కాగితం మీదే ఉండిపోయింది. నీటి బడి మాత్రం భయంతో కాక లెక్కతో మాట్లాడింది. మేము పంతులు శిక్షణలో మొదట నేర్చుకున్న సూత్రం కూడా అదే: తెలిసిన దాని నుంచి తెలియని దానికి నడిపించు. రైతుకు పదును తెలుసు, మిల్లీమీటరు తెలియదు. కార్తె తెలుసు, నీటి సంవత్సరం తెలియదు. నీటి బడి లెక్క జూన్‌తో మొదలవుతుంది. మా పెద్దల లెక్క మృగశిర కార్తెతో మొదలవుతుంది. రెండూ ఒకే నెలలో పడతాయి. మంచి బడి ఇక్కడే అందుకుంటుంది.

ఈ పాఠాన్ని మేము మా బడిలో అయిదో తరగతికి చెప్పి చూశాం. ఒక ఎకరాలో 1 మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్ల పైచిలుకు నీళ్లు. మా జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు 22 లక్షల లీటర్లు. పిల్లలు నమ్మలేదు. ఇన్ని నీళ్లు పడితే మనకు కరువెందుకన్నారు. పడ్డవన్నీ ఒకేసారి పడి వంకలో పోవడం, మిగిలింది ఎండకు ఆవిరైపోవడం, అసలు పడాల్సిన రోజున పడకపోవడం గురించి మాట్లాడుకున్నాం.

తర్వాత బోరు లెక్క. 200 లీటర్ల డ్రమ్ము నాలుగు నిమిషాల్లో నిండితే గంటకు 3,000 లీటర్లు. కరెంటు తొమ్మిది గంటలుంటే రోజుకు 27,000. రబీలో ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలంటే 48 లక్షల లీటర్లు. ఆ బోరు ఒక్కరోజు కూడా ఆగకుండా పోసినా 178 రోజులు. పంటకాలమే అంత ఉండదు. అదే చెనిక్కాయ చేనుకు వాన మొహం చాటేసినప్పుడు 25 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడులిస్తే ఎకరాకు 2 లక్షల లీటర్లు చాలు. ఒక ఎకరా వరి తాగే నీళ్లు 24 ఎకరాల చెనిక్కాయకు ప్రాణం పోస్తాయి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న ఒక పిల్ల మాత్రం లేచి, "సార్, మా చేలో బోరు లేదు. ఆ 24 ఎకరాల్లో మాది ఉందా?" అని అడిగింది.

మా విమర్శ అంతా ఆ పిల్ల అడిగిన ప్రశ్నే. నీటి బడి నీళ్లెన్ని అని అడగడం నేర్పింది. నీళ్లెవరివి అని అడగడం నేర్పలేదు.

ఏ బడినైనా తనిఖీ చేయడానికి వచ్చినవాళ్లు ముందు చూసేది హాజరు పట్టీ. పిల్లలు బాగా చదువుతున్నారా అన్నది తర్వాత, ఊళ్లోని పిల్లలందరి పేర్లూ ఆ పట్టీలో ఉన్నాయా అన్నది ముందు. రైతు నీటి బడికి వెన్నెముకగా నిలిచిన భూగర్భజల కమిటీలు ఎవరితో ఏర్పడ్డాయి? భూగర్భ జలం వాడుకునే రైతులతో. మగవాళ్లనూ ఆడవాళ్లనూ చేర్చుకున్నారు, అది మెచ్చుకోవాల్సిన సంగతి. కానీ బోరు లేనివాళ్లు నీళ్లు వాడుకునేవాళ్లు కారు కదా! వాళ్ల పేరు ఆ పట్టీలోకి ఏ దారిన వస్తుంది? కాలువల కింద కూడా ఇదే కథ. 1997 సాగునీటి సంఘాల చట్టం రైతులకు కాలువ మీద, చెరువు మీద హక్కు ఇచ్చింది. అయితే ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకు. నీళ్లు ఇప్పటికే చేరినవాళ్లే నీళ్ల గురించి మాట్లాడే సభ్యులు. చేరనివాళ్లు సభ బయట.

మా తాండాల చేలు ఎక్కడున్నాయో చూస్తే ఈ మాట ఎవరి గురించో తెలుస్తుంది. ఊరి చేలు చెరువు కింద, వంక పక్కన. తాండాకు వచ్చిన డి పట్టా భూములు మెట్టన, రాళ్ల మధ్య. అక్కడ బోరు వేస్తే లోతు ఎక్కువ, నీళ్లు పడతాయన్న నమ్మకం తక్కువ. ఒకటి ఎండితే ఇంకొకటి వేయడానికి అప్పు, అదీ ఎండితే వలస. బోరు పడనివాడు నీళ్లు పొదుపుగా వాడడం లేదని ఎవరూ అనలేరు. ఇరవై ఏళ్లుగా అతనిది పొదుపే. ఊరి పద్దులో అతని పొదుపు జమ కాదు. ఎందుకంటే పద్దులో అతని ఖాతాయే లేదు.

మీ మాట నీటి బడి మీదే ఎందుకు, ప్రభుత్వం ఎస్సీ ఎస్టీల భూములకు ప్రత్యేకంగా బోర్లు వేయించింది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. 2011లో ఇందిర జలప్రభ వచ్చింది. 2020లో సన్న, చిన్నకారు రైతులందరికీ జలకళ వచ్చింది. నాలుగైదు కుటుంబాల భూములు కలిపి ఒక బోరు వేసే ఆలోచన మా భూములకు సరిపోయేదే. కానీ అటువైపు ఇంకో లోటు ఉంది. నీటి బడిలో నేర్చుకోవడం ఉంది, మేము లేము. ఉమ్మడి బోరులో మేము ఉన్నాం, నేర్చుకోవడం లేదు.

మాకు తెలిసిన ఒక తాండాలో జరిగింది చెబుతాం. ఎనిమిది కుటుంబాలకు కలిపి ఒక బోరు మంజూరైంది. ఒకాయన పరికరంతో వచ్చి పాయింటు పెట్టారు. బండి వచ్చింది, నీళ్లు పడ్డాయి, టెంకాయ కొట్టారు, ఫోటో తీశారు. పైపులు వేశారు. ఎనిమిదిమంది ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టారు, కొందరు వేలిముద్ర వేశారు. ఎవరికి ఎన్నో రోజున తడి, మోటారు కాలితే డబ్బు ఎవరిది, కరెంటు రాత్రి వస్తే నీళ్లు కట్టడానికి ఎవరు పోవాలి అన్న మాటే రాలేదు. రెండో ఏడు మోటారు కాలింది. రివైండింగ్ డబ్బులకు ముగ్గురు చేయిచ్చారు, అయిదుగురు ఇవ్వలేదు. చివరికి ఎవరి చేలో బోరు ఉందో ఆయన అప్పు చేసి బాగు చేయించుకున్నాడు. అప్పటినుంచి అది ఆయన బోరు. కాగితం మీద ఇప్పటికీ ఎనిమిదిమందిది.

ఆయనను మేము తప్పు పట్టం. డబ్బివ్వని అయిదుగురినీ తప్పు పట్టం. వాళ్లు ఆ పథకాన్ని గీయలేదు. తాము గీయని పటంలో తమ చేను ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఉమ్మడి నీటి పథకం అంటే పైపు, మోటారు, వాల్వు అని పైవాళ్లు అనుకుంటారు. అవి పథకంలో సగం. మిగతా సగం మాట, వంతు, జమాఖర్చు, తగాదా వస్తే ఎవరి దగ్గర కూర్చోవాలన్న సంగతి. ఆ సగాన్ని ఏ ఇంజనీరూ బయటినుంచి తెచ్చి బిగించలేడు.

మరి ఇది కుదిరే పనేనా? కుదిరిన చోట్లు ఉన్నాయి. అప్పటి మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే కుమ్మరవాండ్లపల్లిలో, కరువును తట్టుకునే మార్గాలు వెతికిన ఒక ప్రభుత్వ కార్యక్రమం కింద, వాసన్ సంస్థ తోడుతో ఒక పని చేశారు. బోర్లున్న రైతులు తమ బోర్లను పైపులతో ఒకదానికొకటి కలిపారు. బోరు లేని పక్క చేలకు కూడా ఎండిపోయే వేళ తడి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దానికి బదులు ఆ చుట్టుపక్కల కొత్త బోర్లు వేయకూడదని అందరూ మాట ఇచ్చుకున్నారు.

దీన్ని దానం అనుకుంటే పొరపాటు. మళ్లీ మా అయిదో తరగతి లెక్కకే వద్దాం. ఒక ఎకరా వరి నీళ్లతో 24 ఎకరాల చెనిక్కాయ బతుకుతుందన్నాం. కానీ ఒక్క బోరుతో అది జరగదు. చేను వాడుపట్టాక పదిహేను రోజులకన్నా ఆగదు. పదిహేను రోజుల్లో మా లెక్కలోని బోరు పోసేది 4 లక్షల లీటర్లు. అంటే నాలుగు ఎకరాలకు ఒక్కో తడి. 24 ఎకరాలు బతకాలంటే ఆరు బోర్లు కలవాలి. బోరున్నవాడికి ఇందులో లాభం ఏమిటి? పక్కవాడు అప్పుచేసి తన బోరు పక్కన ఇంకో బోరు దింపితే రెండూ ఎండుతాయి. పక్కవాడికి తడి ఇస్తే తన బోరు నిలుస్తుంది. ఈ సంగతి బోరున్నవాడు, లేనివాడు ఎదురెదురుగా కూర్చుంటేనే తేలుతుంది. బోరున్నవాళ్లే కూర్చున్న సభలో ఈ మాట పుట్టే అవకాశం తక్కువ.

ఇంకా ముందుకు పోయినవాళ్లూ ఉన్నారు. మహారాష్ట్రలో 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ ప్రాంతంలో విలాస్‌రావ్ సాళుంఖే పానీ పంచాయతీని మొదలుపెట్టారు. అక్కడ నీళ్లు భూమిని బట్టి కాదు, తలను బట్టి. మనిషికి అర ఎకరా చొప్పున, కుటుంబానికి రెండున్నర ఎకరాలకు మించకుండా. భూమి లేనివారికి కూడా నీళ్ల మీద హక్కు. చెరకు వేయకూడదు. భూమి అమ్మితే నీళ్ల హక్కు దానివెంట పోదు. హర్యానాలో సుఖోమాజ్రీ అనే చిన్న ఊళ్లో కూడా చెరువు కట్టినప్పుడు భూమి లేని ఇళ్లకు సమాన వాటా ఇచ్చారు. కొండమీద పశువులు మేపేవాళ్లు మేత ఆపితేనే చెరువులో మట్టి చేరకుండా ఉంటుంది. చెరువు నీళ్లలో వాటా లేనివాడు మేత ఎందుకు ఆపుతాడు? హాజరు పట్టీలో అందరి పేరూ రాయడం అక్కడ దయ కాలేదు, పథకం నిలవడానికి ఆధారమైంది.

ఈ ఉదాహరణలు చెప్పి అక్కడితో సంబరపడిపోవడం మా పద్ధతి కాదు. బయటి సంస్థ ఒకటి పక్కన ఉండి, బయటి డబ్బు కొంత వచ్చినచోట జరిగిన పనులివి. సంస్థ వెళ్లిపోయాక ఏమవుతుందన్నది వీటన్నిటికీ పరీక్షే. నీటి బడులకు ఆ పరీక్ష వచ్చింది. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఒకటి ఏపీఎఫ్ఏఎంజీఎస్‌ను దేశానికి దారి చూపే ప్రయత్నంగా మెచ్చుకుంది. 2012లో ఐడబ్ల్యూఎంఐ-టాటా కార్యక్రమం తరఫున పరిశీలించినవాళ్లు అంత మెచ్చుకోలేదు. ప్రాజెక్టు అండ పోయాక కొలతల పని నిలబడడం కష్టమైందని ఎత్తిచూపారు.

పంతుళ్లుగా మాకు ఇందులో వింత కనపడదు. పరీక్ష కోసం చదివిన చదువు పరీక్షతోనే పోతుంది. ఆ కొలతల వల్ల తన ఇంటికి ఏదో ఒకటి వచ్చేవాడు కొలత ఆపడు. బోరు మట్టం కొలిచే పని నిజంగా ఎవరికి అవసరం? ఈ ఏడు తన చేనుకు పక్క బోరునుంచి తడి వస్తుందా రాదా అని ఎదురుచూసేవాడికి. అతని పేరు పట్టీలో రాసి, కొలబద్ద అతని చేతికి ఇచ్చి ఉంటే, ప్రాజెక్టు ఉన్నా పోయినా ఆ గోడమీది అంకెలు మారుతూనే ఉండేవని మా నమ్మకం.

ఇంకొక మాట, భాష గురించి. మాకు దొరికిన నీటి కరదీపికలు చాలావరకు పుస్తకాల తెలుగులో ఉన్నాయి. భూగర్భ జల పునర్భరణం అన్న మాట దగ్గర మేమే ఆగి ఊపిరి తీసుకోవాలి. మా ఇళ్లల్లో గోర్ బోలి మాట్లాడతాం. నీళ్లను పాణి అంటాం. తెలుగు మాకు బడిలో, బజారులో వచ్చిన భాష. సమావేశంలో తెలుగు ధాటిగా మాట్లాడేవాడి మాట పద్దులోకి ఎక్కుతుంది. తలమీద బిందెతో రోజూ నీళ్ల దూరం కొలిచే ఆడమనిషి మాట ఎక్కదు. బొమ్మల్లో కూడా తువ్వాలు భుజానేసుకొని బోరు పక్కన నిలబడ్డ మగరైతే కనిపిస్తాడు.

పైన చెప్పిన ఎనిమిది కుటుంబాలతో గత రెండేళ్లుగా మళ్లీ కూర్చుంటున్నాం. సభ పేరు పెట్టలేదు. తాండాలో తగాదాలు తీర్చడానికి పెద్దలు కూర్చునే నసాబ్ మాదిరిగానే, వేపచెట్టు కింద. అయితే ఈసారి ఆడవాళ్లు కూడా ముందు వరసలో. నేలమీద ముగ్గుపిండితో ఎనిమిది చేలు, బోరు, పైపు, వంక గీయమన్నాం. మొదట గీసింది ఒక ముసలమ్మ. ఆమె గీసిన పటంలో కాగితాల్లో లేనిది ఒకటి ఉంది: పశువులు నీళ్లు తాగే తొట్టి. అది లేని పథకానికి ఆడవాళ్లు ఎందుకు డబ్బివ్వాలని అడిగింది. అంతమంది సంతకాలు పెట్టించుకున్నవాళ్లకు ఎనిమిదేళ్లలో తట్టని సంగతి అది.

ఇప్పుడు వాళ్లకొక కాగితం ఉంది. గోర్ బోలిలో మాట్లాడుకొని తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. ఎవరిది ఎన్నో వంతు, బాగుచేతకు ఎకరా లెక్కన ఎంత, బోరున్న చేనుకు ముందు తడి ఎందుకు, తొట్టి నింపిన తర్వాతే వాల్వు తిప్పడం ఎందుకు అని. అంతా బాగుందని చెప్పం. ఒక కుటుంబం ఇంకా కలవలేదు. వాళ్లు బెంగళూరులో మట్టిపనికి పోయారు, వాళ్ల వంతు ఖాళీగా ఉంచారు. ఆ ఖాళీ గడిని కొట్టేయకుండా ఉంచడమే ఇప్పటికి మాకు కనిపించిన చదువు.

మా మండలంలో రాగులపాడు దగ్గర హంద్రీ-నీవా పంపులు కృష్ణా నీళ్లను ఎత్తి పోస్తాయి. 2012లో ఆ నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరినప్పుడు జిల్లా అంతా పండగ చేసుకుంది. మేమూ కాలువ గట్టున నిలబడి చూశాం. ఆ నీళ్లను ఏ చేనికి ఎలా తిప్పాలో, ఏ కుంట నింపాలో గీసే రోజు వచ్చినప్పుడు, ఉమ్మడి బోర్లకు ఇంకో కొత్త పేరు పెట్టి ఇంకో పథకం వచ్చినప్పుడు, నేర్పడానికి వచ్చేవాళ్లను మేము అడిగేవి మూడే. పాయింటు పెట్టకముందు మాతో కూర్చుంటారా? నీళ్లు లేనివాడి పేరు పట్టీలో మొదట రాస్తారా? కొలబద్ద, పద్దు పుస్తకం ఎవరి చేతికి ఇచ్చి పోతారు?

ఈ మూడింటికి జవాబు లేని పథకం ఎంత డబ్బుతో వచ్చినా మా దృష్టిలో అది నేర్పే బడి కాదు, పంచే సంత. సంతలో ముందు వచ్చినవాడికి దొరుకుతుంది. బడిలో వెనక వరస పిల్లను కూడా పేరు పెట్టి పిలవాలి. ఆ రోజు లేచి నిలబడి అడిగిన పిల్లకు మేము ఇంకా జవాబు బాకీ ఉన్నాం.